అడిగిన జాగా

నిప్పార్పే నీళ్ళబండి ఉండే కొట్టమే నిప్పుకు బూడిదైతే ఇక ఊరికి దిక్కేది? కిందటి ఎండాకాలం భోపాల్‌పట్నంలో జరిగింది అదే. బండిని ఎలాగో బయటికి లాగారు. కొట్టంతోపాటు పక్కనున్న సారలమ్మ ఇల్లూ పోయింది. చనిపోయిన మొగుడు రామనర్సయ్య కట్టిన ఇల్లది. అప్పటినుంచి ఆమె తమ్ముడి పంచన ఉంటూ, తిరిగి తన జాగాలో ఇల్లు వేసుకోవాలని వెదురు పోగుచేసుకుంటోంది.

ఊరు అడగ్గా అడగ్గా బస్తర్ దివాణం దిగివచ్చింది. కొత్త కొట్టానికి పెంకులూ వడ్రంగి కూలీ సంత పన్నులోంచి ఇస్తారు. కర్ర, కష్టం ఊరివాళ్ళవి. జాగా ఖాయంచేసి సంతకం పెట్టడానికి తహసీల్దారు వచ్చి బంగళాలో దిగాడు. మర్నాడే వెళ్ళిపోవాలి. మళ్ళీ వచ్చేది వానలు వెలిశాకే. ఈలోగా ఇప్పపూలు రాలతాయి, ఏరుకునేందుకు జనం చెట్ల కింద ఆకులు తగలబెడతారు, గాలి తిరిగితే ఇళ్ళ కప్పులు అంటుకుంటాయి.

పాత కొట్టం జాగా ఒక్కటే అయితే ఇరుకు. బావి పక్కనున్న సారలమ్మ మిరప మడి అందరికీ నచ్చింది. ఆమె సరేనంది. కాని నేలను అడగకుండా గుంజ పాతే అలవాటు ఆ ఊళ్ళో లేదు. పొద్దుగూకే వేళ పూజారి ఇర్మా మడిలో బియ్యపు గింజలు జంటలుగా పెట్టాడు. తెల్లారేసరికి కదలకుండా ఉంటే నేల ఒప్పుకున్నట్టు.

తెల్లారింది. గింజలు కదల్లేదు. ఎలా కదులుతాయి, వాటి మీద బుట్ట బోర్లించి ఉంటే!

"కోళ్ళు తింటయేమోనని నేనే కప్పిన," అంది సారలమ్మ, ఏదో ఘనకార్యం చేసినట్టు.

ఇర్మా నెత్తి పట్టుకున్నాడు. "నేల నోరు మూసినవు గదనే బిడ్డా! ఇగ అదేం చెప్తది?"

"కోడి తింటే నేల వద్దన్నట్టా?" అని తహసీల్దారు నవ్వాడు.

"కోడి గూడ నేలదే సాబ్. ఎవరిని పంపాల్నో దానికే ఎరుక. ఇయ్యాల పొద్దుగూకినంక మల్ల అడుగుత."

"నాకంత ఫుర్సత్ లేదు." దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే కాబోలనుకుంటూ ఆయన కాగితం మడిచాడు. అడగని జాగాకు ఒక్క కర్ర కూడా మోసేది లేదని ఊరివాళ్ళు తేల్చి చెప్పారు. ఊరి కర్ర రాకపోతే దివాణం పెంకూ రాదు.

సారలమ్మ తన బుట్ట వంక చూసింది. ఇంత పనీ తనవల్లే. ఒక మాట నాలుక దాకా వస్తే మింగేసింది. కాని అది లోపల ఆగలేదు.

"అడిగిన జాగ ఒకటున్నది," అంది చివరికి. "నా ఇంటి జాగ. మా ఆయన గింజలు పెట్టించినప్పుడు చూసింది నువ్వే గద తాతా?"

"అది కాలిన జాగ కదా?" అన్నాడు తహసీల్దారు.

"కాలింది కప్పు సాబ్, నేల గాదు," అని ఇర్మా ఆమెవైపు తిరిగాడు. "మరి నువ్వేడుంటవే?"

"మడిల ఉంట. నేనేమన్న తాసిల్దారునా, ఇయ్యాల్నే పోవాల్నని? నిమ్మళంగ అడిగి కట్టుకుంట."

అందరూ గొల్లున నవ్వారు, తహసీల్దారుతో సహా. ఆయన నిలబడే సంతకం పెట్టేశాడు.

ఇప్పపూలు రాలకముందే కర్ర దిగింది. మొదటి గుంజకు గుంత తీస్తుంటే చూడలేక సారలమ్మ మొహం తిప్పుకుంది. గడ్డపార వెన్నలో దిగినట్టు దిగుతోందని తవ్వుతున్న ఊరి కుర్రాడు హుంగా కేకేశాడు. ఆమె వెళ్ళి చూసింది. అది తన ఇంటి కప్పు మోసిన నిట్రాడు గుంత, పెళ్ళయిన ఏడాది రామనర్సయ్య తవ్వింది. కొత్త గుంజ అందులో సరిగ్గా కూర్చుంది. ఏడుపొస్తుందనుకుంది కాని రాలేదు. మనసు చల్లబడింది. గుంజ ఒరగకుండా రెండు చేతులా పట్టుకుంది.

"మట్టి గట్టిగ కొట్టుండ్రి," అంది.