దోమక్క ప్రాసెసర్

రక్తపరీక్షల ల్యాబులో చాలా ఏళ్లుగా సూది గుచ్చే పని ఆమెది. అందుకే తోటివాళ్లు ఆమెను దోమక్క అని పిలిచేవారు. ఆ పేరుకు ఆమె నొచ్చుకోలేదు సరికదా, కంప్యూటర్లో ఆట ఆడేటప్పుడు కూడా అదే పేరు పెట్టుకుంది.

ఆ ఆట అంటించింది కూతురు. సెలవులకు హాస్టల్ నుంచి వచ్చి, "అమ్మా, ఒక్కసారి ఆడి చూడు" అని కూర్చోబెట్టి, సెలవులయ్యాక తన దారిన తను వెళ్లిపోయింది. దోమక్క మాత్రం కుర్చీ వదల్లేదు. ఇటు అయిదుగురు, అటు అయిదుగురు. పాడుబడిన రేవు పట్టణంలో ఒకరినొకరు వెతికి పట్టుకుని కాల్చుకోవాలి. జట్టులో వాళ్లెవరో, ఏ ఊరివాళ్లో తెలియదు, చెవుల్లో గొంతులు మాత్రమే పరిచయం. ఆమె ల్యాబులో పనిచేస్తుందని తెలిసి, "అయితే గాయపడ్డవాళ్లకి కట్లు కట్టే వేషం నువ్వు తీసుకో అక్కా" అన్నారు మొదట్లో.

"పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నేను చేసేది అదే. ఇక్కడ నాకు తుపాకీ కావాలి" అంది దోమక్క.

చిక్కల్లా కంప్యూటర్‌తోనే. ఇంట్లో ఉన్న ఒక్క కంప్యూటరూ మరిదిది. మరిది పై వాటాలో ఉంటాడు, ఇంకా పెళ్లి కాలేదు, ఒక కంపెనీలో కంప్యూటర్ల బాగోగులు చూసే ఉద్యోగం. పైన ఎండ ఎక్కువని మిషన్ని కింద ముందుగదిలో పెట్టాడు. అది ఆఫీసు పనికి కొన్నది. కాల్పులు మొదలయ్యాయంటే చాలు, తెర మీద బొమ్మ బిగుసుకుపోయేది. మళ్లీ కదిలేసరికి దోమక్క నేల మీద పడి ఉండేది.

అయినా ఆమె సర్దుకుపోయేదే. కానీ ఒక ఆదివారం సాయంత్రం ఆట మంచి పట్టులో ఉండగా మరిది మెట్లు దిగి వచ్చాడు.

"వదినా, కాస్త లే. అర్జెంటుగా ఒక మెయిల్ పంపాలి."

"రెండు నిమిషాలాగు, అయిపోవచ్చింది."

"ఆటే కదా" అంటూ అతను ఆమె భుజం మీదుగా చెయ్యి చాచి, మౌస్ అందుకుని, ఆటను మూసేశాడు. చెవుల్లో నలుగురి గొంతులూ ఒక్కసారిగా ఆగిపోయాయి.

దోమక్క లేచి నిలబడింది. గొంతు పెంచలేదు. "ఇవాళ్టితో సరి. నా కంప్యూటర్ నేను కట్టుకుంటా" అంది.

మరిది నవ్వాడు. "కట్టుకోవడానికి అదేమన్నా మొగుడా వదినా?"

"మొగుణ్ణి మావాళ్లు చూశారు. దీన్ని నేనే చూసుకుంటా."

పక్కగదిలో అత్తగారు పకాలున నవ్వింది. గుమ్మంలో చెప్పులు విప్పుతున్న మొగుడికి మాత్రం తనను పొగిడారో తెగిడారో అర్థం కాలేదు.

ఆ వారమంతా భోజనాల దగ్గర అదే చర్చ. మరిది చెడ్డవాడు కాదు. తనకు తెలిసిన విషయంలో ఇంకొకరు నోరు తెరిస్తే ఓర్చుకోలేడు, అంతే. "గేమింగ్ అంటే ముందు ప్రాసెసర్. కంప్యూటర్‌కి అది గుండెకాయ. గుండెకాయ దగ్గర పిసినారితనం చూపిస్తే ఎలా? నేను చెప్పింది కొను. లేదా ఆ ఊసే మానెయ్" అన్నాడు. అతను చెప్పింది కొంటే ఆమె దాచుకున్న దాంట్లో సగానికి పైగా అక్కడే ఖర్చయిపోతుంది. బొమ్మను గీసే గ్రాఫిక్స్ కార్డుకు ఇక మిగిలేది చిల్లరే.

దోమక్క జట్టులో ఒకతను ఉన్నాడు. నిదానంగా, ఆగి ఆగి మాట్లాడతాడని అందరూ అతన్ని గూడ్సుబండి అంటారు. ఆమె అతన్ని అడిగింది.

"బొమ్మ గీసేది కార్డు అక్కా. ప్రాసెసర్ దానికి పని అందిస్తుంది. అందించేవాడు మరీ బద్ధకస్తుడు కాకపోతే చాలు."

అది ఆమె బుర్రకు వెంటనే ఎక్కింది. ల్యాబులో తను ఎంత చకచకా రక్తం తీసిచ్చినా, లోపల పరీక్ష చేసే మిషన్ ముక్కుతూ మూలుగుతూ ఉంటే సీసాలు బల్ల మీద బారులు తీరతాయి. అలాంటప్పుడు ఇంకో నలుగురు దోమక్కల్ని తెచ్చి కూర్చోబెట్టి ఏం లాభం? బస్సులో వస్తూ పోతూ ఫోన్లో వీడియోలు చూసింది. ఒకే ఆటను రకరకాల ప్రాసెసర్ల మీద ఆడి చూపించేవాళ్లు బోలెడంత మంది. చివరికి ఆరు కోర్లున్న, అంటే ఒకేసారి ఆరు పనులు అందుకోగల ఒకదాని మీద మనసు పడింది. ఆ వరసలో అన్నిటికంటే చవకది అదే. మిగిలిన డబ్బంతా కార్డు మీద పెట్టాలని తీర్మానించుకుంది.

"నీ ఇష్టం. ఎడ్లబండికి విమానం ఇంజను తగిలిస్తానంటున్నావు" అన్నాడు మరిది.

"ఎడ్లు నావి, బండి నాది. నువ్వు ఎక్కకు" అంది.

శనివారం మధ్యాహ్నం మొగుణ్ణి తోడు తీసుకుని కంప్యూటర్ విడిభాగాలు అమ్మే వీధికి వెళ్లింది. మొగుడిది అద్దాలు కోసే దుకాణంలో పని, పెళుసు సామాను పట్టుకోవడం అతనికి అలవాటే. మొదటి షాపు పెద్దది, లోపల ఎటు చూసినా రంగురంగుల దీపాలే. కౌంటర్లో ఉన్నాయన మొగుడి వంక చూసి, "చెప్పండి సార్, బాబుకా, పాపకా?" అన్నాడు.

"నాకు" అంది దోమక్క, ప్రాసెసర్ పేరు చెప్పింది.

ఆయన ఇంకా మొగుడి వంకే చూస్తున్నాడు. "అది గేములకి ఏం పనికొస్తుంది సార్? వంటల వీడియోలు చూసుకోవడానికైతే ఓకే. దీని పైది తీసుకెళ్లండి, మేడమ్ గారు కూడా వాడుకోవచ్చు."

మొగుడు ఇబ్బందిగా కదిలాడు. "నన్ను అడుగుతారేంటండీ? నేను సంచులు మొయ్యడానికి వచ్చినవాణ్ణి."

అప్పటికీ కౌంటరాయన తల ఇటు తిప్పలేదు. దోమక్క హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుంది. "ఇంతసేపూ నా మొహం చూడలేదు మీరు. మనిషి మొహం చూడకుండా నేను సూది కూడా గుచ్చను" అనేసి బయటికి నడిచింది. ఆయన వెనక నుంచి ఏదో తగ్గింపు ఇస్తానని అరిచాడు. ఆమె ఆగలేదు.

సందు చివర మెట్లెక్కితే ఇరుకు గదిలో ఇంకో షాపు ఉంది. అక్కడి మనిషి అన్నం తింటూనే ఆమె చెప్పిందంతా విని, చెయ్యి కడుక్కుని వచ్చి, ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాడు. అన్నిటినీ బిగించే మదర్‌బోర్డు మాత్రం చాలాకాలంగా అరలో పడున్నది, అందుకే తగ్గించి ఇస్తున్నానని చెప్పాడు. పెట్టె మీద దుమ్ము తుడిచి ఇచ్చాడు. దోమక్క సంబరంగా తీసుకుంది.

మర్నాడు పగలు భోజనాల బల్ల మీద దుప్పటి పరిచి పని మొదలుపెట్టింది. అత్తగారు కళ్లజోడు పెట్టుకుని టార్చి పట్టుకుంది. ప్రాసెసర్ అరచేతిలో ఇమిడిపోయింది. అడుగున వెంట్రుకల్లాంటి సూదులు. ఒక్కటి వంగినా అంతే సంగతులు. పసిపిల్లల చేతి నరాన్ని చూపుడువేలితో వెతికి పట్టుకునే దోమక్కకు సూదులంటే జంకు లేదు. మూల గుర్తు చూసి, నొక్కకుండా, దాని బరువుతో దాన్నే దిగనిచ్చింది. అది చప్పుడు లేకుండా కూర్చుంది.

"దిగిందా?" అంది అత్తగారు ఊపిరి బిగబట్టి.

"దిగింది అత్తయ్యా. ఏడవను కూడా ఏడవలేదు."

మిగతావి బిగించేసరికి సాయంత్రమైంది. స్విచ్చి వేసింది. ఫ్యాన్లు గిర్రున తిరిగాయి. తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది. తీసి, మళ్లీ బిగించి, మళ్లీ వేసింది. తెర వెలగలేదు.

ఆ తిరిగే ఫ్యాన్ల చప్పుడుకు మరిది దిగి వచ్చాడు. చేతులు కట్టుకుని చూశాడు. "నేను చెప్పానా?"

దోమక్క ఒక స్క్రూ ఇంకాస్త బిగించింది.

"బోర్డు పాతది, ప్రాసెసర్ దాని తరవాత వచ్చింది. ఈయనెవరో ఆ బోర్డుకి తెలీదు వదినా. దాని లోపలి సాఫ్ట్‌వేర్ మార్చాలి. దానికి ముందు వేరే పాత ప్రాసెసర్ పెట్టి ఆన్ చెయ్యాలి. మా ఆఫీసులో ఉంది, తెస్తా." కొంచెం ఆగి, చిరునవ్వుతో అన్నాడు: "నావల్ల కాలేదు అని ఒక్క మాట అను. రేపే తెస్తా."

అతను చెప్పిన కారణం నిజమేనని ఆమెకు తోచింది. కొనేముందు ఆ సంగతి అడగాల్సింది, అడగలేదు. చెంపలు వేడెక్కాయి. అతను బోర్డు వైపు వంగి వైరు పట్టుకోబోయాడు.

"చెయ్యి తియ్యి" అంది దోమక్క. "కారణం చెప్పావు, సంతోషం. ఆ మాట మాత్రం నా నోట రాదు."

అతను భుజాలెగరేసి వెళ్లిపోయాడు. మొగుడు మెల్లగా, "మావాణ్ణి అడిగేస్తే పోద్దిగా?" అన్నాడు.

"పోద్ది. ఏం పోద్దో నాకు తెలుసు."

అట్ట పెట్టెలో బోర్డుతో వచ్చిన చిన్న పుస్తకం తీసింది. అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. టార్చి వెలుతురులో పేజీ పేజీ చదివింది. బోర్డు వెనకవైపు ఒక చిన్న బటన్ ఉందనీ, కొత్త సాఫ్ట్‌వేర్ పెన్ డ్రైవ్‌లో ఎక్కించి గుచ్చి ఆ బటన్ నొక్కి పట్టుకుంటే, ప్రాసెసర్‌తో నిమిత్తం లేకుండా బోర్డు తనే నేర్చుకుంటుందనీ ఒక మూల రాసి ఉంది. దోమక్క ఆ వాక్యాన్ని అత్తగారికి గట్టిగా చదివి వినిపించింది.

"చూశావా, చదవకుండానే చేతులెత్తేద్దామన్నారు మగవాళ్లు" అంది అత్తగారు, టార్చి పెద్దకొడుకు మొహం మీదికి తిప్పి.

మరిది కంప్యూటర్ ముట్టుకోనని ఒట్టు పెట్టుకుంది కాబట్టి, ల్యాబులో డాక్టరమ్మను అడిగి, టీ విరామంలో ఆమె గదిలోని కంప్యూటర్ నుంచి ఫైలు దించుకుంది. ఇంటికి వచ్చి బటన్ నొక్కింది. ఎర్ర దీపం రెండు సార్లు మినుకుమని, వెలుగుతూ అలాగే ఆగిపోయింది. లాభం లేకపోయింది. గూడ్సుబండికి ఫోన్లో రాస్తే, "ఫైలు పేరు పుస్తకంలో ఉన్నట్టే మార్చాలక్కా. లేకపోతే అది పట్టించుకోదు" అని జవాబిచ్చాడు. మర్నాడు మళ్లీ డాక్టరమ్మ గదికి వెళ్లింది. "ఏంటమ్మా, పేషెంట్ ఇంకా లేవలేదా?" అని నవ్విందావిడ.

ఆ సాయంత్రం దోమక్క, మొగుడు, అత్తగారు ముగ్గురూ బల్ల చుట్టూ నిలబడ్డారు. ఈసారి దీపం మినుకు మినుకుమంటూనే ఉంది. కాసేపటికి దీపం ఆరిపోయింది. దోమక్క స్విచ్చి వేసింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు పరుగెత్తుకుంటూ వచ్చాయి. వాటిల్లో ఆ చవక ప్రాసెసర్ పేరు, ఆరు కోర్లతో సహా.

దోమక్క "దా!" అని అరిచింది. ల్యాబులో మొండి నరం దొరికినప్పుడు కూడా ఆమె ఎప్పుడూ అలా అరవలేదు.

ఆ వారాంతంలో తన మిషన్ మీద మొదటి ఆట. కొత్త బల్ల వంటింటి పక్క కిటికీ కింద వేసుకుంది. రేవు పట్టణం గోడలకు పగుళ్లున్నాయనీ, నీళ్ల మీద నూనె తేలుతోందనీ అప్పుడే తెలిసింది. కాల్పులు మొదలయ్యాయి. బొమ్మ ఎక్కడా ఆగలేదు.

మరిది వచ్చి వెనక నిలబడ్డాడు. "ఏం వేగం వస్తోంది?" అన్నాడు.

"నాకు చాలినంత."

"ఇంకో రెండేళ్లకి ఈ ప్రాసెసర్ పనికిరాదు వదినా."

"అప్పుడు ఇంకోటి తెచ్చుకుంటా. అది కూడా నేనే చూసుకుంటా. కాస్త పక్కకి జరుగు, వెలుతురుకి అడ్డంగా ఉన్నావు."

అతను జరిగాడు. వెళ్లిపోలేదు. స్టూలు లాక్కుని కూర్చుని, "ఎడమ పక్క గోదాము మీద ఎవడో ఉన్నాడు" అన్నాడు.

"కనిపిస్తున్నాడు" అంది దోమక్క, అటు తిరిగేలోపే తూటా తగిలి పడిపోయింది. జట్టు ఓడింది. చెవుల్లో గూడ్సుబండి ఆగి ఆగి తిట్టుకుంటున్నాడు.

వంటింట్లోంచి అత్తగారు తొంగి చూసింది. "ఏమైంది?"

"ఓడిపోయాం అత్తయ్యా."

"అంత కష్టపడి కట్టావు కదే, మళ్లీ ఆగిపోయిందా అది?"

"లేదు. అది బాగానే ఉంది. నాకే గురి కుదరలేదు." దోమక్క హెడ్‌ఫోన్లు సర్దుకుని, నవ్వుతూ, ఇంకో ఆటకు సిద్ధమని నొక్కింది.