ఆడి గాలికి సన్నికల్లు

అందరూ తిని లేచాక కంచాలు ఎత్తడం వసంతలక్ష్మి పని. ఎత్తుతూ ఎత్తుతూ వాటిలో మిగిలింది తినడం కూడా ఆమె పనే. తినమని ఎవరూ చెప్పలేదు, అయినా తమిళనాడు కృష్ణగిరిలోని ఆ ఇంట్లో ఇరవై ఆరేళ్ళుగా అదే నడుస్తోంది. అత్త వెంకటమ్మ నమలలేక వదిలిన రాగి ముద్ద, కూతురు మేఘ డైటింగ్ అంటూ పక్కకు నెట్టిన చపాతీ, భర్త లోకనాథ్ ఉప్పు చాల్లేదని సగం కొరికి పడేసిన వడ. పారేస్తే లక్ష్మిని కాలదన్నినట్టేనంటుంది అత్త. ఫ్రిజ్‌లో పెడితే పాచి కూడు ఎవరు తింటారంటాడు భర్త. ఎవరు తింటారో అందరికీ తెలుసు, ఒక్కరూ పైకి అనరు. అలా ఇంటిల్లిపాదీ వదిలేసిందంతా చేరి చేరి ఇప్పుడు తొంభై రెండు కిలోలైంది.

ఆ తొంభై రెండు కిలోలకూ సోమవారం ముహూర్తం పెట్టారు. జనవరిలో మేఘ పెళ్ళి. "స్టేజీ మీద ఈ ఆకారంతో నిలబడుకుంటావా? ఫోటోలు జన్మంతా ఉంటాయి" అని లోకనాథ్ హోసూరు ఆస్పత్రికి తీసుకుపోయాడు. కడుపులో ముప్పాతిక వంతు కోసి తీసేస్తారట, ఆ తర్వాత గుప్పెడు తింటే చాలునట. డాక్టరు మంచివాడే. షుగర్ లేదు, బీపీ లేదు, మోకాళ్ళు గట్టిగా ఉన్నాయి, అవసరమని నేను చెప్పను, మీకు ఇష్టమైతేనే చేస్తానని ఆమె ముఖం చూసే అన్నాడు. ఆమె నోరు తెరిచేలోపు లోకనాథ్ అందుకున్నాడు.

"ఆమెకు ఇష్టమే డాక్టర్."

సంతకం మాత్రం ఆమే పెట్టాలి, ఇంటికి పోయి ఆలోచించుకోమని డాక్టరు కాగితం ఇచ్చాడు. ఆ కాగితం ఐదు రోజులుగా ఆమె చేతి సంచిలో ఉంది. ఆలోచించడానికేముంది, ఆమెకు వద్దు. వద్దని చెప్పడం ఎలాగో తెలియక నలిగిపోతోంది. భయంగా ఉందని అత్తతో అంటే, నా గర్భసంచి తీసినప్పుడు నేను భయపడినానా, మొగుడు నీ మంచికి గదా చెప్తాడు అంది. కూతురితో అంటే, ఫోనులోంచి తల ఎత్తకుండానే "చేయించుకోమ్మా, నీకే మంచిది" అంది. అత్త అన్నప్పుడు రాని ఏడుపు కూతురు అన్నప్పుడు వచ్చింది. స్నానాల గదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో రెండు చేతులతో పొట్టను అదుముకుని నిలబడింది. మేఘను మోసిన పొట్ట. తీసేస్తే ఎక్కడ పారేస్తారో అనే ఆలోచన ఒకటి పట్టుకుని వదలడం లేదు.

ఈ ఆస్పత్రి గొడవకు నెల ముందే ఇంటికి గాలిపటం వచ్చింది. లోకనాథ్‌కు మామిడి మండీ ఉంది. మండీ స్నేహితులతో గోవా పోయినప్పుడు సముద్రం ఒడ్డున ఎవడో పవర్ కైట్ ఎగరేస్తుంటే చూసి, యాభై ఏళ్ళకు ముచ్చటపడి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాడు. అది పిల్లల కాగితపు పటం కాదు. తొమ్మిది అడుగుల వెడల్పు గుడ్డ, గాలి దూరి ఉబ్బడానికి అరలు, రెండు దారాలు, రెండు పిడులు. గాలి బాగా ఉంటే మనిషినే లాక్కుపోతుంది. మండీలో కూలీల మీద అరిచినట్టు దాని మీద అరిచాడు కానీ లోకనాథ్‌కు అది ఎగరలేదు. సరే, ఆ ఇంట్లో అంతుపట్టని పని ఏదైనా చివరికి చేరేది ఎవరి దగ్గరికో చెప్పాలా?

వంట చేస్తూ వీడియోలు చూసింది వసంతలక్ష్మి. గాలి వీపుకు తగిలేలా నిలబడాలి. పిడులను నేలలో మేకుకు తగిలించి, దారాలను గాలి పోయే వైపు అరవై అడుగులు పరవాలి. రెండూ ఒక్క కొలత ఉండాలి. పటాన్ని వెల్లకిలా పరిచి, లేచిపోకుండా అంచు మీద పిడికెడు మట్టి వెయ్యాలి. దారానికీ పటానికీ వేసే ముడి చూసి ఆమెకు నవ్వొచ్చింది. మల్లెపూలు కట్టేటప్పుడు దారాన్ని వేళ్ళ మీద తిప్పి కాడల మీదికి దించి బిగిస్తామే, దాదాపు అదే. అన్నిటికన్నా ముఖ్యమైనది, లాగుడు మితిమీరితే పిడులు వదిలెయ్యాలి. పటం చప్పబడి కూలిపోతుంది, మణికట్టుకున్న పట్టీ దాన్ని దూరం పోనివ్వదు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం రాయకోట రోడ్డులో ఇంకా ఇళ్ళు కట్టని లేఅవుట్‌కు పోవడం, అంతా ఆమె పరిచి, కట్టి, సిద్ధం చేశాక లోకనాథ్ వచ్చి పిడులు పట్టుకోవడం. అతను యాభై నాలుగు కిలోల మనిషి. గాలి పట్టగానే తూలి ముందుకు పోయేవాడు.

"నువ్వు యెనకాల నిలబడి నా నడుం పట్టుకో. నీ బరువు ఇట్లన్నా పనికొస్తుంది" అన్నాడు.

పట్టుకుంది. మండీ గుమాస్తా తీసిన ఫోటోల్లో ఆమెను కత్తిరించి వాట్సాప్‌లో పెట్టాడు. ఫోటో చూసి వెంకటమ్మ, కొడుకు గాలిని గెలిచాడని మురిసిపోయింది. ఆషాఢమప్పుడు వచ్చే ఆడి నెల గాలికి సన్నికల్లు కూడా ఎగురుతుందని ఈ వైపు అరవంలో ఒక సామెత. అది చెప్పి, "మా కోడలు మాత్రం ఎగరదులే" అని బోసి నోటితో నవ్వింది.

సోమవారానికి ముందు ఆదివారం గాలి మరీ పిచ్చిగా ఉంది. వద్దన్నది వసంతలక్ష్మి. వింటేగా. ఆమె పట్టుకునేలోపే పిడులు లాగాడు, పటం లేచి అతన్ని నాలుగు బారలు ఈడ్చి బోర్లా పడేసింది. మోచేతులు దోక్కుపోయాయి. పిడులు విసిరికొట్టి, అంతా చుట్టేసి రమ్మని ఆమెకు చెప్పి, మందు రాసుకోవడానికి కారు దగ్గరికి పోయాడు.

ఆమె చుట్టలేదు. పటాన్ని మళ్ళీ పరిచింది, మట్టి వేసింది, దారాల చిక్కు తీసింది. చేతులు పట్టీల్లో దూర్చుకుంది. ఆ క్షణాన ఆమెకు ఎగరెయ్యాలని లేదు. పోనీ, ఎత్తుకుపోతే పోనీ, ఆ కొండల అవతల యాడ పడేస్తే ఆడ పడి ఉంటా, రేపు ఆ ఆపరేషన్ బల్ల మీద మాత్రం పడుకోను. అదొక్కటే ఉంది మనసులో.

మొదటిసారి పటం ఎడమకు తిరిగి నేలకు కొట్టుకుంది. అరవై అడుగులు నడిచిపోయి సర్ది వచ్చింది. రెండోసారీ అంతే. లోకనాథ్ పిడులను బస్సు స్టీరింగులా తిప్పేవాడు. అది తప్పని అతని వెనక నిలబడే కనిపెట్టింది. తిప్పకూడదు, ఏ వైపు పోవాలో ఆ వైపు చెయ్యి వెనక్కి లాగాలి, అంతే. మూడోసారి పటం బుస్సున లేచి ఎదురుగా నడిమధ్యకు వచ్చింది. గాలి బలమంతా ఉండేది అక్కడే. భుజాలు ఊడొచ్చినట్టు లాగింది. ఆమె కళ్ళు మూసుకుని, ఇక ఎత్తుకుపోతుందని ఎదురుచూసింది.

ఎత్తుకుపోలేదు. కాళ్ళు కదల్లేదు. మడమలు మట్టిలో దిగి, ఒళ్ళంతా వెనక్కి కూర్చున్నట్టు ఆనుకుని, ఆ ఒళ్ళే ఆమెను పట్టుకుని నిలబడింది. మొదట ఏడుపొచ్చింది, ఇంత గాలికి కూడా నేను అక్కర్లేదా అని. తర్వాత కుడి చెయ్యి లాగింది. పటం కుడికి వచ్చింది. ఎడమ లాగితే ఎడమకు వచ్చింది. అడిగింది అడిగినట్టు. తను ఒక మాట చెప్తే మారుమాట లేకుండా జరగడం ఎన్నేళ్ళకు చూసిందో ఆమెకు గుర్తు రాలేదు. కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. అలాగే ఎగరేసింది, చాలాసేపు.

లోకనాథ్ వచ్చి పక్కన నిలబడ్డాడు. చాల్లే దించు, రేపు పొద్దున్నే పోవల్ల అన్నాడు. తనకు తనే ఏదో తోచి నవ్వాడు.

"అది సరే, నువ్వు సన్నబడితే నన్ను యెనకాల పట్టుకునేదెవురు?"

ఆమె పిడులు వదిలేసింది. పటం చప్పబడి నేల మీదికి ఒరిగింది. దారాలు చుడుతుంటే కాగితం మీద సంతకం పెట్టినావా అని అడిగాడు. ఆమె మాట్లాడలేదు. ఇరవై ఆరేళ్ళుగా ఆమె మాట్లాడకపోతే సరేనన్నట్టే అతని లెక్క.

సోమవారం ఆరున్నరకు కారు. రాత్రి పది తర్వాత మంచినీళ్ళు కూడా ముట్టకూడదు, ఖాళీ కడుపుతో రావాలని ఆస్పత్రి వాళ్ళు మూడుసార్లు చెప్పారు. వసంతలక్ష్మి ఐదున్నరకే లేచి స్నానం చేసి పొయ్యి వెలిగించింది. ఊరికి పోయే రోజైనా ఇంట్లో టిఫిను ఆగదు గదా అనుకుంది వెంకటమ్మ, మంచం మీది నుంచే. మొదటి దోసె పెనానికి అంటుకుని చిరిగింది. చిరిగిన మొదటి దోసె ఎప్పుడూ ఆమెదే. దాన్ని గరిటెతో గీకి చెత్తబుట్టలో వేసింది. రెండోది ఎర్రగా, అంచులు లేచి వచ్చింది. నెయ్యి వేసింది. కంచంలో పెట్టుకుని, చెనక్కాయ చట్నీ వేసుకుని, హాల్లోకి వచ్చి బల్ల దగ్గర లోకనాథ్ కుర్చీలో కూర్చుంది.

లోకనాథ్ ఒక చేత్తో ఫైలు, ఒక చేత్తో కారు తాళాలు పట్టుకుని గదిలోంచి వచ్చాడు. మేఘ బ్రష్షు నోట్లో పెట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఖాళీ కడుపుతో రమ్మన్నారు గదా! ఏం పని చేస్తా ఉండావ్?" అని అరిచాడు లోకనాథ్.

వసంతలక్ష్మి నోట్లోది నిదానంగా నమిలి మింగింది. వేడి దోసె ఇంత బాగుంటుందని ఆమెకు ఇన్నాళ్ళూ తెలియదు.

"పెనం కాలి ఉండాది" అంది, ఇంకో ముక్క తుంచుకుంటూ. "ఎవురికి కావల్ల అంటే వాళ్ళు ఏసుకోండి."