విడిగా ఉతుకు

"ఇకనుంచి నా పనిబట్టలు విడిగా ఉతుకు," అన్నారు మా ఆయన, భోజనానికి కూర్చుంటూ. ఏదో వరం ఇస్తున్నట్టు అన్నారు. "పిల్లల బట్టల్లో కలపకు. అమ్మ బట్టల్లో అసలే కలపకు. ఆ దుమ్ము మంచిది కాదట."

మరి ఉతికేదాని సంగతేమిటి అని అడగబోయాను. ఈలోగా మా అత్తగారు అందుకున్నారు. "చూశావా, ఇంట్లో అందరి గురించీ ఎంత ఆలోచిస్తాడో నా కొడుకు!" అందరూ అంటే పిల్లలిద్దరూ, ఆవిడా. ఆ లెక్కలో నేను లేనని ఆవిడకి తట్టలేదు, ఆయనకీ తట్టలేదు. పైగా కూరలో ఉప్పు తగ్గిందన్నారు.

మాది పాతకార్లు బాగుచేసే షెడ్డు. "మా నాన్నగారి బండండీ, అమ్మడానికి మనసొప్పదు" అంటూ పెద్దమనుషులు తోలుకొచ్చే కార్లు, కొన్నయితే నాకంటే వయసులో పెద్దవి. బ్రేకు డ్రమ్ము విప్పి గాలిపైపు పెట్టి ఊదితే బూడిదరంగు దుమ్ము షెడ్డంతా లేస్తుంది. సాయంత్రం దాన్ని ఊడ్చేది నేను. "ఎలాగూ బిల్లులు రాయడానికి వస్తావుగా, ఆ చేత్తోనే ఓసారి ఊడ్చెయ్" అని ఎప్పుడో అన్నారు, అది అలా నా ఉద్యోగమైపోయింది. జీతం మాటెత్తితే "మన షెడ్డుకి మనకి జీతమేమిటి?" అంటారు. లాభం మాటొచ్చినప్పుడు మాత్రం అది ఆయన షెడ్డు. ఇంటికొచ్చాక మిగతా దుమ్ము ఆయన బట్టల్లో నాకోసం సిద్ధంగా ఉంటుంది. పెళ్ళయిన కొత్తలోనే పెరటి మెట్లమీద నిలబెట్టి అత్తగారు నేర్పారు. "దులపకుండా నీళ్ళలో వేస్తే మురికి వదలదు. జేబులు తిరగేసి గట్టిగా దులుపు. చేతుల్లో సత్తువ లేదా?" సత్తువకేం, బోలెడుంది. ఇన్నేళ్ళూ దులిపాను. దులిపేటప్పుడు నోరు మూసుకోవాలని మాత్రం ఎవరూ చెప్పలేదు. మిగతా అన్ని సందర్భాల్లోనూ నోరు మూసుకోమని చాలామంది చెప్పారు.

కిందటివారం షెడ్లు తనిఖీ చేసే ఆరోగ్యశాఖావిడ వచ్చింది. అప్పుడు నేను ఊడుస్తున్నాను. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. "పాతకార్ల బ్రేకుల్లో, క్లచ్చుల్లో వేడికి తట్టుకోడానికి ఆస్బెస్టాస్ వాడేవారండీ. ఆ పోగులు కంటికి ఆనవు. ఊపిరితిత్తుల్లో చేరితే అక్కడే కూర్చుంటాయి. జబ్బు పాతికేళ్ళకో ముప్పై ఏళ్ళకో బయటపడొచ్చు. గాలిపైపుతో ఊదకండి, పొడిగా ఊడవకండి, తడిపి తుడవండి. దీనికి వేరే మాస్కులుంటాయి, అవే పెట్టుకోండి. పనిబట్టలు ఇక్కడే విడిచేసి, ఇక్కణ్ణుంచే లాండ్రీకి పంపండి. అవేమిటో వాళ్ళకి ముందే చెప్పండి. ఇంటికి మాత్రం తీసుకెళ్ళకండి."

తరవాత, "ఇక్కడ ఎంతమంది పనిచేస్తారు?" అంది.

"నలుగురమండీ," అన్నారు మా ఆయన.

ఆవిడ నా చేతిలో చీపురు చూసింది. "మరి ఈమె?"

"అబ్బే, ఆమె పనిచెయ్యదండీ. మా ఆవిడ."

నన్నేదో గౌరవించేశానని ఆయన నమ్మకం. మర్నాడు నాలుగు మాస్కులొచ్చాయి. "ఇంటికి తీసుకెళ్ళకండి" అన్న మాట మాత్రం షెడ్డు నుంచి ఇంటికి చేరేసరికి "విడిగా ఉతుకు" అయిపోయింది.

"ఆవిడ ఇంటికే తేవద్దందిగా?" అన్నాను, ఆ భోజనమయ్యి ఆయన చెయ్యి కడుక్కోడానికి లేస్తుంటే.

"వాళ్ళకేం, ఎన్నయినా చెబుతారు. ఇంట్లో నువ్వుండగా లాండ్రీ ఎందుకు?"

"నాకేమన్నా అయితే?"

"ఇన్నేళ్ళూ ఏమీ కాలేదుగా!"

ముప్పై ఏళ్ళకి బయటపడే జబ్బు గురించి మాట్లాడుతుంటే, ఇప్పటిదాకా బయటపడలేదుగా అనే మనిషితో ఏం వాదించను? ఒళ్ళు మండిపోయింది. ఒళ్ళు మండుతూనే మర్నాడు వేరే బకెట్టు తెచ్చి విడిగా ఉతికాను. ఆ పైమర్నాడూ ఉతికాను. నాతోనే పోతుందిలే అనుకున్నాను.

ఇవాళ మధ్యాహ్నం బిల్లులు రాసి షెడ్డు నుంచి వచ్చేసరికి పెరట్లో మా అమ్మాయి. తండ్రి చొక్కా రెండు చేతులా పట్టుకుని టపటపా దులుపుతోంది. ఎండలో దాని మొహం చుట్టూ సన్నటి దుమ్ము. "నీకు నడుంనొప్పని నానమ్మ చెప్పింది, అందుకే నేను చేసేస్తున్నా," అంది నవ్వుతూ, నోరంతా తెరిచి. మా అబ్బాయి లోపల ఫోను పట్టుకుని పడుకున్నాడు. వాడికి నా నడుం సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

"ఆడపిల్ల, నేర్చుకోవద్దూ?" అన్నారు అత్తగారు వంటింట్లోంచి. "విడిగానే దులుపుతోందిలే, కంగారుపడకు."

నేను చొక్కా లాక్కోలేదు. లాగితే దుమ్ము మళ్ళీ లేస్తుందని బకెట్టుడు నీళ్ళు చొక్కామీదే కుమ్మరించాను, పిల్ల చేతులతో సహా. అది కెవ్వుమంది. తలంటి పోస్తూ ఆ దుమ్ము సంగతంతా చెప్పాను. "అంత ప్రమాదమైతే ముందే చెప్పొచ్చుగా అమ్మా! మరి నువ్వెందుకు దులిపావు?" అంది. నాతోనే పోతుందనుకున్నానుగా! ఇలాంటి పనులు ఎవరితోనూ పోవు. ఒక ఆడదాని నడుం విరిగితే ఇంకో ఆడదాని చేతికి వెళతాయి, అంతే. నాకు ఏడుపొచ్చింది. పిల్ల తల తుడుస్తూ బాగా ఏడ్చాను.

సాయంత్రం ఆయన వచ్చేసరికి వీధి తలుపు మూసి ఉంది. బయట అరుగుమీద రెండు సంచులు పెట్టాను. కిటికీలోంచే మాట్లాడాను.

"ఆ బట్టలతో లోపలికి రావద్దు. షెడ్డుకి వెళ్ళి, కుళాయి కింద స్నానం చేసి మార్చుకు రండి. గుడ్డసంచిలో మంచిబట్టలున్నాయి. మూతికట్టిన ప్లాస్టిక్ సంచిలో తడిపిన పనిబట్టలున్నాయి, విప్పకుండా అవి కూడా పట్టుకెళ్ళండి. రేపట్నుంచి షెడ్డు కూడా నేను ఊడవను."

"పిచ్చిగానీ పట్టిందా? నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?"

"బట్టలు మార్చుకోడానికి వెళుతున్నారనుకుంటారు."

వెనకనుంచి అత్తగారు లేచారు. "ఒళ్ళు హూనం చేసుకొచ్చిన మగాణ్ణి గుమ్మంలో నిలబెడతావా?"

"నిలబెడతాను అత్తయ్యా. అంత బాధగా ఉంటే తలుపు తీస్తాను, మీరూ వెళ్ళి ఆ చొక్కా దగ్గరుండి దులపండి."

ఆవిడ ముందుకి రాబోయి ఆగారు. తరవాత కొంగు మూతికి అడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేశారు.

ఆయన నావైపు చూశారు, సంచివైపు చూశారు. కోపం దిగి, మొహంలో నిజమైన అయోమయం కనిపించింది.

"మరి ఇవన్నీ ఎవరుతుకుతారు?"

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయనకి ఆ అనుమానం రావడం ఇదే మొదటిసారి. అడిగి, జవాబు కోసం నావైపే చూస్తూ నిలబడ్డారు. అది వెతికిపెట్టడం కూడా నా పనే అనుకున్నట్టున్నారు. నేను కిటికీ మూశాను.