దాచినందుకు కిరాయి

ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఫక్రున్నీసా ఇల్లంటే ఒక పెద్ద విల్లాలో రెండు గదుల భాగం. కోరుట్ల నుంచి గల్ఫ్‌కు వచ్చి స్థిరపడిన మనిషి. కూలీల క్యాంపుల్లో పెట్టెలకు భద్రత లేదు కనుక, తెలిసిన కొద్దిమంది బంగారం తన బీరువాలో దాస్తుంది. నెలకు పది రియాళ్లు కిరాయి.

స్టేడియం కట్టే సైటులో పనిచేసే గంగన్న ఆ కిరాయికి ఊరికే ఒప్పుకోలేదు. బ్యాంకులో లాకరు అడిగితే అతని జీతం చూసి నవ్వారు. బంగారం అమ్మిన దుకాణంవాడు దాస్తానన్నాడు గాని ఇంకా ఎక్కువ అడిగాడు. ఊళ్లో తమ్ముళ్ల దగ్గర పెడితే కిరాయి ఉండదు, కొన్నాళ్లకు బంగారమూ ఉండదు. అతనికి భార్యాపిల్లలు లేరు. పని చేతగాని రోజున తనను చూసేది ఆ బంగారు బిస్కెట్లే. అన్నీ బేరీజు వేసి ఈ బీరువాను ఎంచుకున్నాడు. ఆ తెలివి మీద అతనికి గర్వం.

ఒక శుక్రవారం అతనూ, అదే సైటులో పనిచేసే నగేష్ కలిసి ఆమె ఇంటికి వెళ్లారు. గంగన్న నోటు తీసి ఇచ్చాడు. నగేష్ చేయి జేబులోకి పోనే లేదు.

"ఖాలా, చాయ్‌ల అల్లం ఎక్కువెయ్యి!" అన్నాడు, సొంత పిన్నిని పిలిచినట్టు.

"అత్తగారింటికొచ్చినవారా?" అని ఫక్రున్నీసా నవ్వింది. గంగన్నతో ఆమె ఎప్పుడూ అలా మాట్లాడలేదు. అతను ఆమెను అమ్మా అనేవాడు. ఆమె కుర్చీ వేసేది.

చాయ్ తెచ్చిన కోడలు శిఫా చేతులకు నగేష్ దాచుకున్న గాజులు. తరుగు కింద ఎంత పోగొట్టుకున్నావురా అని గంగన్న ఒకప్పుడు ఎగతాళి చేసిన గాజులు.

తిరుగు బస్సులో గంగన్న అడిగాడు. "నువ్వు కిరాయి ఇయ్యవా?"

"నన్నడుగలే అన్నా. శిఫా ఏసుకుంటది గద, ఇంక కిరాయెందుకంటది ఖాలా." నగేష్ గొంతు తగ్గించాడు. "కని గీతలు పడుతున్నయే. నీ లెక్క పైసలిచ్చి పెట్టుకున్నా బాగుండు. ఇప్పుడెట్ల చెప్పాలె?"

గంగన్నకు అది బాధలా వినిపించలేదు. పెళ్లాం మరీ కొసరి వడ్డిస్తుందని విసుక్కునే మగవాడి గొంతులా వినిపించింది. కిటికీ బయట వరల్డ్ కప్ బొమ్మలు కట్టిన స్తంభాలు వెనక్కి పోతున్నాయి. పది రియాళ్లు అతనికి భారం కాదు. కాని ఇన్నేళ్లూ ఆ నోటే తనకూ ఆ ఇంటికీ మధ్య అడ్డంగా నిలబడి ఉందని తోచింది.

ఆ నెలంతా స్టేడియం పైకప్పు మీద ఇనుము మోగినప్పుడల్లా అతనికి గాజులు వినిపించాయి. చివరికి బీరువాలోని బిస్కెట్లు అడిగి తీసుకుని, సూక్‌లోని బంగారం బజారులో ఇచ్చి హారం తీసుకున్నాడు. తరుగు, మజూరీ కలిపి పోయింది ఎన్నో ఏళ్ల కిరాయికి సరిపోతుంది. లెక్క అతనికి తెలుసు. తెలిసే తీసుకున్నాడు.

"ఎవరికి గంగన్నా? ఈ వయసుల పెండ్లా?" అంది ఫక్రున్నీసా డబ్బా తెరిచి.

"ఎవ్వలకు లేదమ్మా. దాచు."

"అమ్మీ, ఎంత బాగుందో!" శిఫా చేయి చాపింది. అత్త ఆ చేతి మీద చిన్నగా కొట్టింది.

"ముట్టుకోకు. గంగన్న పైసలిచ్చి పెట్టుకునే మనిషి. ఆయన సొమ్ము అమానతు, నమ్మి దాచమన్నది. నగేష్ గానిదాని లెక్క కాదు."

ఆమె మాటలో గౌరవముంది. మెచ్చుకుంటాడేమోనని అతనివైపు చూసింది కూడా. వేసుకోమనమ్మా అనే మాట గంగన్న గొంతు దాకా వచ్చి ఆగింది. నగేష్‌వి వాళ్లే అడగకుండా తీసి వేసుకున్నారు. తాను బతిమాలి వేయిస్తే అదీ దుకాణంలో కొన్నట్టే.

బీరువా తాళం పడింది. గంగన్న చేయి జేబులోనే ఉండిపోయింది.

"చిల్లర లేదా? మల్ల నెల ఇయ్యి తియ్," అంది ఫక్రున్నీసా.

ఆ దయ అతనికి చాలేది, వంటింట్లో కప్పులు కడుగుతున్న శిఫా గాజులు అప్పుడే మోగకపోతే. గంగన్న రెండు నోట్లు తీశాడు.

"మల్ల నెలది గూడ తీస్కోమ్మా," అన్నాడు.