వేళ్ళకి చెరిగిన గీత

ఇలా దగ్గరికి జరుగు, నా గొంతు అంత దూరం రాదు. ఆవేళ పొద్దున్న కూడా మీ కిటికీ తాతయ్య ఎప్పటిలాగే మంచం అంచున కూర్చుని మోకాళ్ళకి నూనె రాసుకుంటున్నాడు. ముందు ఎడమది, తరవాత కుడిది. రాసుకోవడం అయ్యాక రెండింటినీ అరచేతులతో తట్టి, ఎద్దుల్ని అదిలించినట్టు "పదండి" అనేవాడు.

నా సొంత తమ్ముడే వాడు. మునిసిపల్ ఆఫీసు గుమ్మం పక్కన విచారణ కిటికీ దగ్గర కూర్చునేవాడు కాబట్టి అందరూ వాణ్ణి కిటికీ అనే పిలిచేవాళ్ళు. చివరికి మా మరదలు కూడా పక్కింటివాళ్ళతో "మా కిటికీ ఆయన" అనేది. మనిషి పొట్టి. ఆ కన్నంలోంచి బయటివాళ్ళ మాటలు వినీ వినీ మెడ ముందుకి వంగిపోయింది. చట్రానికి ఆనించీ ఆనించీ నుదుటి మీద అడ్డంగా ఒక చార పడింది.

ఎవరు ఏ గదికి వెళ్ళాలో చెప్పడం, వాడి పని అంతే. కానీ వచ్చినవాళ్ళని ఊరికే పంపడం వాడికి చేతకాదు. నీళ్ళు ఎప్పుడొస్తాయి, కాలవ ఎప్పుడు తవ్వుతారు, ఏదడిగినా తెలిసినంత చెప్పేవాడు. చెప్పి, చివర్లో "నిశ్చింతగా ఉండండి" అని కలిపేవాడు. ఆ మాట చెప్పమని ఆఫీసు అనలేదు. అది వాడి సొంతం.

ఆవేళ మాత్రం వాడు వెళ్ళాల్సింది ఆఫీసుకి కాదు, కోర్టుకి. పిండిమర నడిపే ఆవిడ మునిసిపాలిటీ మీద దావా వేసింది. మరకి కొత్త గది కట్టుకోబోయే ముందు ఆవిడ కిటికీ దగ్గరికొచ్చి, మా వీధిలో రోడ్డు వెడల్పు చేస్తారా అని అడిగింది. వీడు కూర్చున్నచోటి నుంచే తల తిప్పి, గోడకి వేలాడే ఊరి పటం చూశాడు. వెడల్పు చేసే రోడ్ల పక్కన అందులో ఎర్రగీత ఉంటుంది. ఆవిడ వీధి పక్కన లేదు. రోడ్డు రాదమ్మా, నిశ్చింతగా కట్టుకో అన్నాడు. ఆవిడ ఉన్నదంతా పోసి కట్టుకుంది. మర కింద దిమ్మె ఆరిందో లేదో, కొలతల టేపు పట్టుకుని మనుషులొచ్చారు. ఆ వెనకే గది ముందు సగం కూలగొట్టేశారు. మిగిలిన సగంలో మర పట్టదు. మర తిరక్కపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

మరి గీత ఏమైందీ అంటావా? ఆ పటానికి అద్దం లేదు. వచ్చిన ప్రతివాళ్ళూ "ఇదిగో మా ఇల్లు" అని వేలు పెట్టి చూపించేవాళ్ళు. ఆవిడ వీధి ఉన్న మూలే బజారూ ఉంది కాబట్టి అక్కడే ఎక్కువ వేళ్ళు పడేవి. చెమట వేళ్ళు, జిడ్డు వేళ్ళు. ఇన్నేళ్ళకి అక్కడ మబ్బు లాంటి మరక మిగిలింది గానీ గీత మిగల్లేదు. చెరగని పటం లోపల ఇంజినీరు గదిలో ఉంది.

ముందురోజు ఆఫీసు ప్లీడరు ఇంటికొచ్చి బాగా నూరిపోసి వెళ్ళాడు. గుర్తులేదు అంటే చాలట. ఆ కిటికీ దారి చెప్పడానికే, ఆఫీసు మాటంటే కాగితం మీద ఉన్నదే అని మిగతాది తను వాదించుకుంటాడట. అన్నానని ఒప్పుకుంటే మాత్రం ఆఫీసుతోపాటు నీ ఉద్యోగమూ మునుగుతుంది అన్నాడు. మా మరదలికి ఆ రాత్రి నిద్రలేదు. పొద్దున్న వడ్డిస్తూ అననే అంది.

"నిన్న సబ్బు తెమ్మంటే మర్చిపోయొచ్చారు. ఇది మాత్రం గుర్తుండాలా?"

"సబ్బు మాట నమ్మి ఎవరూ ఇల్లు కట్టుకోలేదే," అన్నాడు వాడు, నోట్లో ముద్ద మింగకుండానే.

కోర్టుకి వాడికి తోడు నేనే వెళ్ళాను. పిండిమర ఆవిడ ముందు బెంచీ మీద కూర్చుంది. ఎన్నిసార్లు మొహం కడుక్కుందో గానీ కనుబొమ్మల్లో ఇంకా పిండి ఉంది. పటాన్ని తెచ్చి జడ్జిగారి బల్ల మీద పరిచారు. ఆవిడతో అలా అన్నట్టు గుర్తుందా అని ప్లీడరు అడిగాడు. వాడు బోను కర్రని రెండు చేతులా పట్టుకున్నాడు.

"గుర్తుందండి. నిశ్చింతగా కట్టుకోమన్నాను."

ప్లీడరు మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. లోపల ఇంకో పటం ఉందని తెలుసా అని జడ్జిగారు అడిగారు. తెలుసన్నాడు. మరి చూడలేదేం అన్నారు.

"మోకాళ్ళ నొప్పండి. లేవడానికి బద్ధకించాను. నాకు తెలుసులే అనుకున్నాను కూడా."

జడ్జిగారు కాసేపు పటం మీదికి వంగి చూశారు. చూస్తూ చూస్తూ తన వీధి కనపడిందేమో, ఆయనా వేలు పెట్టబోయి, అందరూ చూస్తున్నారని చెయ్యి వెనక్కి తీసుకున్నారు. నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

బయట మెట్ల దగ్గర పిండిమర ఆవిడ మా వాడి ముందుకొచ్చి నిలబడింది.

"ఆవేళే ఒకసారి లేచి చూసుంటే ఏం పోయేది బాబాయ్?"

"ఏమీ పోయేది కాదమ్మా. కాసేపు మోకాళ్ళు సలిపేవి."

ఆవిడ తన సీసాలో నీళ్ళు ఇచ్చింది. వాడు తాగాడు.

తీర్పు ఆవిడ వైపే వచ్చింది. మునిసిపాలిటీయే నష్టం పూడ్చాలన్నారు. ఇప్పుడు మర వెనక వీధిలో తిరుగుతోంది. ఆఫీసువాళ్ళు కోపంకొద్దీ మావాణ్ణి వెనక కొట్టుగదిలో పడేశారు. జనం కిటికీని వదిలేసి కొట్టుగది ముందు బారు తీరారు. ఇక చేసేది లేక తెచ్చి మళ్ళీ కిటికీ దగ్గరే కూర్చోబెట్టారు. ఆ రోజే వాడు ఇంటినుంచి ఒక సన్నటి బెత్తం తీసుకెళ్ళి పటం పక్కన దారంతో కట్టాడు. వేలు పెట్టకండి, దీంతో చూపించండి అనేవాడు. వాళ్ళు చూపించాక తను లేచి, కుంటుకుంటూ ఇంజినీరు గదికి వెళ్ళి చూసొచ్చి, అప్పుడు చెప్పేవాడు.

ఒక మధ్యాహ్నం అలాగే వెళ్ళి చూసొచ్చాడు. కిటికీ అవతలున్న ముసలాయనతో "రాదండి, చూశాను" అని చెప్పి కుర్చీలో వెనక్కి వాలాడు. ఆయన తలూపి వెళ్ళిపోయాడు. తరవాతి మనిషి, పాపం కునుకు తీస్తున్నాడులే అని చాలాసేపు ఓపిగ్గా నిలబడ్డాడట. మావాడు మరి లేవలేదు.

ఇది మర్చిపోకు. రేపు నీ పిల్లలకి చెప్పు. బద్ధకించాడన్న ముక్క దాచకుండా చెప్పు. మొన్న నేను ఆ ఆఫీసుకి వెళ్ళి చూశాను. బెత్తం ఇంకా అక్కడే ఉంది, చేత్తో పట్టుకునే చివర నున్నగా నల్లబడి, ఎవరో ఇప్పుడే వదిలి వెళ్ళినట్టు దారానికి మెల్లగా ఊగుతూ.