దురద మాత్రకు వచ్చిన చుట్టాలు

మతిమరుపున్న అత్తకు ఒళ్లంతా దురద పుడితే, పుష్పమ్మ రెజిమెంటల్ బజార్‌లో మందుల షాపువాడిని అడిగి మాత్రలు తెచ్చి వేసింది. దురద తగ్గింది గానీ, అత్త కోడలినే గుర్తుపట్టక మగతగా పడిపోయింది. ఇక ఆఖరి చూపులేనని హడలిపోయి, పుష్పమ్మ కాప్రా, బొల్లారం చుట్టాలందరికీ ఫోన్లు కొట్టింది.

చూడటానికి వచ్చిన డాక్టరు మాత్ర తిప్పి చూశాడు. "ఈ పాతరకం గోలీ మతిమరుపున్న పెద్దోళ్లకు వెయ్యద్దమ్మా. ఉన్న జ్ఞాపకం సుత ఆగమైతది. బంద్ చెయ్యి, దురదకు పూతమందు రాసిస్తా."

మాత్ర మానేశాక అత్త లేచి కూర్చుంది. ఇల్లంతా చుట్టాలే.

"ఏందే పుష్పా, గింతమంది వచ్చిండ్రు? ఎవరన్న పోయిండ్రా?"

తన పేరు వినగానే పుష్పమ్మ బావురుమంది.

"ఏడ్సుడు తర్వాత. అందరికీ చాయ్ పెట్టు. నీ చాయ్ ఒక్కసారి తాగితే మల్ల రారు."