పది సెకన్ల నీలి తెర

“ఊరికే వచ్చినదానికి ఇంత చాకిరీ ఏమిటోయ్?” అన్నాడు భర్త, కాఫీ తాగేసి ఖాళీ కప్పు ఆమె లాప్‌టాప్ పక్కనే పెట్టేస్తూ. ఆ కప్పు తనంతట తాను నడిచి సింకులోకి వెళ్ళదని ఇన్నేళ్ళ కాపురంలో ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేదు. ఆమె దాన్ని పక్కకి జరిపి మళ్ళీ తెరవైపు తిరిగింది. భోజనాల బల్ల మీద ఆమెకి దక్కిన చోటు ఒక చివర, నీళ్ళ జగ్గుకీ ఉప్పు డబ్బాకీ మధ్య. ఆయనకైతే ఆఫీసు గది ఉంది, దానికో తలుపుంది. ఆ తలుపు మూసి ఉంటే అత్తగారు కూడా టీవీ సౌండు తగ్గించి కూర్చుంటుంది.

ఆ లాప్‌టాప్ ఆయనదే. గేములు ఆడుకోవడానికని మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్నది చూసి మరీ కొనుక్కున్నాడు. అది నత్తలా నడవడం మొదలుపెట్టాక కొత్తది తెచ్చుకుని, దీన్ని “నీకు పనికొస్తుందిలే” అని ఇచ్చాడు, చిరిగిన చొక్కా ఇల్లు తుడవడానికి ఇచ్చినట్టు. ఆమె దాన్ని కడిగి ముగ్గేసినంత పని చేసింది. పాత చెత్తంతా చెరిపేసి, ఎవరైనా ఉచితంగా వాడుకోగలిగే ఓపెన్ సోర్స్ సిస్టమ్ ఎక్కించింది. ఎక్కడెక్కడో ఉన్న మనుషులు, ముక్కూ మొహం తెలియనివాళ్ళు, తమ తీరిక వేళల్లో కూర్చుని రాసి అందరికీ ఇచ్చేసిన సిస్టమ్ అది. జీతం లేకుండా పనిచేసేవాళ్ళు లోకంలో తను ఒక్కతే కాదని తెలిసి ఆమెకి వాళ్ళమీద ఏదో చుట్టరికం కలిగింది. కాకపోతే వాళ్ళు చేసినదాని కింద వాళ్ళ పేర్లుంటాయి. చదివి మెచ్చుకునేవాళ్ళుంటారు. ఆమె తోమిన గిన్నె కింద ఎవరి పేరుంటుంది?

అంతా బాగానే కుదిరింది గానీ, గ్రాఫిక్స్ కార్డు మాత్రం మొండికేసింది. కార్డుకీ సిస్టమ్‌కీ మధ్య డ్రైవర్ అనే దుబాసీ ఒకటి ఉండాలి. అది లేకపోతే కార్డు ఉన్నా లేనట్టే, ఇంట్లో పెద్ద చదువు చదివిన కోడలు ఉన్నట్టు. డ్రైవర్ వేయడం ఆమెకి కష్టం కాలేదు. నాలుగు లైన్లు టైపు చేస్తే అయిపోయింది. చిక్కంతా ఆ తరవాత వచ్చింది. లాప్‌టాప్‌కి లోపల ఒక కాపలా ఉంది, తెలియని డ్రైవర్‌ని గడప తొక్కనివ్వదు. “ఇది నాదే, రానీ” అని మనమే చెప్పాలి. అందుకు ముందుగా ఒక పాస్‌వర్డ్ పెట్టి, లాప్‌టాప్ ఆపి, మళ్ళీ ఆన్ అయ్యేటప్పుడు కనిపించే నీలి తెర దగ్గర ఏదో ఒక మీట నొక్కి, ఆ పాస్‌వర్డ్ కొట్టాలి. ఆ తెర పది సెకన్లే ఉంటుంది. ఆలోగా మీట నొక్కకపోతే తనదారిన తను పోతుంది. మళ్ళీ పాస్‌వర్డ్ దగ్గర్నించీ మొదలుపెట్టాలి. ఆ కాపలాని మొత్తంగా తీసేసే దారి ఉంది గానీ, ఆ సెట్టింగుల్లోకి వెళ్ళాలంటే ఎప్పుడో ఆయన పెట్టిన పాస్‌వర్డ్ కావాలి.

“ఏదో పెట్టానోయ్. ఇప్పుడెక్కడ గుర్తుంటుంది?” అన్నాడాయన, పెళ్ళిరోజు అడిగినా అలాగే అంటాడు.

ఇదంతా ఇవాళే తేల్చుకోవలసి వచ్చింది. సాయంత్రం నాలుగింటికల్లా ఆమె ఒక వీడియో పంపాలి. కట్టబోయే భవనాలు కట్టేశాక ఎలా ఉంటాయో ముందుగానే కదిలే బొమ్మలుగా చేసి చూపించే ఆఫీసులో, పాప పుట్టక ముందు ఆమె పనిచేసేది. కిటికీలోంచి గదిలోకి పడే ఎండని ఆమెలా ఎవరూ చేయలేకపోయేవారు. పొద్దుటి ఎండ వేరు, మధ్యాహ్నపు ఎండ వేరు, వాన వెలిశాక వచ్చే తడి ఎండ వేరు. ఆఫీసులో అందరూ ఆమెని ‘ఎండమ్మాయి’ అనే పిలిచేవారు. చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుందంటే అటెండరు కూడా టీ పక్కన పెట్టి చప్పుడు చేయకుండా వెళ్ళిపోయేవాడు. అప్పటి సీనియర్ ఇప్పుడు సొంతంగా ఆఫీసు పెట్టుకుంది. కిందటి వారం ఫోన్ చేసి, “పిల్లల ఆస్పత్రి ఒకటుంది. వెయిటింగ్ హాల్లో పొద్దుటి ఎండ కావాలి. నువ్వే గుర్తొచ్చావ్. నమూనా ఒకటి చేసి పంపు, బావుంటే ఏడాది పొడుగునా పని నీకే,” అంది. వారమంతా ఆమె పొయ్యి మీద కూర ఉడికే లోపల కాసేపు, పాపని బడికి పంపాక కాసేపు, ఆ హాలుని కట్టింది. పిల్లల కాళ్ళు నేలకి ఆనేంత పొట్టి బెంచీలు వేసింది. ఇక మిగిలింది దాన్ని వీడియోగా తీయడమే. కార్డు పనిచేస్తే గంటన్నర పడుతుంది. పనిచేయకపోతే రేపటికి కూడా కాదు.

మొదటిసారి లాప్‌టాప్ ఆపి ఆన్ చేసింది. తెర నల్లగా అయింది. ముసలి యంత్రం కదా, తేరుకోవడానికి దాని తీరిక దానిది. ఆమె వేలు మీట మీదే పెట్టుకుని కూర్చుంది.

“అమ్మాయ్! నా కళ్ళజోడు ఎక్కడ పెట్టావ్?” అత్తగారు లోపల్నించి కేకేసింది.

“ఒక్క నిమిషం అత్తయ్యా.”

“ఒక్క నిమిషమే నేనూ అడిగేది. మాత్ర పేరు కనపట్టంలేదు, ఏదో ఒకటి మింగేస్తాను మరి!”

ఆమె లేచి వెళ్ళింది. కళ్ళజోడు ఆవిడ నెత్తిమీదే ఉంది. “చూశావా, నువ్వొస్తే గానీ దొరకలేదు,” అని నవ్వింది ఆవిడ, అందులో దెప్పు లేదు, అచ్చంగా ముద్దే. మాత్ర చూసి చేతిలో పెట్టి, నీళ్ళిచ్చి వచ్చేసరికి తెరమీద మామూలు లాగిన్ పేజీ వెలుగుతోంది. నీలి తెర వచ్చి వెళ్ళిపోయింది.

రెండోసారి పాస్‌వర్డ్ పెట్టి, ఆపి, ఆన్ చేసింది. ఈసారి ఆఫీసు గది తలుపు సందు తెరుచుకుంది. అందులోంచి భర్త తల బయటపెట్టి, మీటింగ్‌లో ఉన్నానని చెవి దగ్గర వేలు ఊపి, గుసగుసగా, “తెల్ల వైరు! తెల్ల వైరు ఎక్కడ? చార్జింగ్ అయిపోతోంది!” అన్నాడు. ఆమె పరుగెత్తింది. వైరు ఆయన బల్ల సొరుగులోనే ఉంది, ఆయన మోకాలికి తగిలేంత దగ్గర్లో. తీసి ఇస్తే ఆయన తల ఊపాడు, థాంక్స్ అన్నట్టే. వెనక్కి వచ్చి చూస్తే మళ్ళీ లాగిన్ పేజీ.

ఆమెకి ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. వీళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాళ్ళయితే పోట్లాడొచ్చు. పాప పుట్టాక ఉద్యోగం మానేస్తానన్నప్పుడు “నేను మానేయమనలేదు, నీ ఇష్టం” అన్నాడు భర్త. “మేమెవరం వద్దనలేదమ్మా” అంది అత్తగారు. నిజమే, ఎవరూ వద్దనలేదు. పాపకి జ్వరమొస్తే ఎవరు సెలవు పెట్టాలన్న ప్రశ్న ఆ ఇంట్లో ఎప్పుడూ పుట్టలేదు, అంతే. మానేసిన కొత్తలో ఆయన స్నేహితులకి పరిచయం చేస్తూ, “తనకి ఇంట్లో ఉండటమే ఇష్టం” అని చెప్పేవాడు. ఆమె పక్కన నిలబడి నవ్వేది. ఆ నవ్వు నవ్వకుండా ఉండాల్సింది అని ఇప్పుడు అనిపిస్తోంది. ఒక్కసారైనా, అందరిముందూ, “లేదండీ, నాకు ఎండ ఇష్టం” అని ఉండాల్సింది. వాళ్ళకి అర్థమయ్యేది కాదు. అయినా అని ఉండాల్సింది.

వంటా అన్నాలూ అయ్యేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. బల్ల తుడిచి మళ్ళీ తన చివర తను కూర్చుంది. అత్తగారు నిద్రపోయింది. ఆఫీసు గది తలుపు గట్టిగా మూసి ఉంది. పాప బడిలో ఉంది. ఇల్లంతా ఎంత నిశ్శబ్దంగా ఉందంటే ఫ్రిజ్ మూలగడం వినిపిస్తోంది. మూడోసారి పాస్‌వర్డ్ పెట్టింది, ఆపింది, ఆన్ చేసింది. తెర నల్లగా అయింది. ఇప్పుడింక అడ్డేమీ లేదు, చేస్తే ఇప్పుడే చేయాలి అనుకుంది.

బాల్కనీలో వెలుతురు కాస్త తగ్గినట్టనిపించింది. మబ్బు పట్టింది కాబోలు. తీగ మీద పాప యూనిఫామ్, ఆయన చొక్కాలు ఆరుతున్నాయి. తడిస్తే రేపటికి ఆరవు. ఆమె లేచింది. చొక్కాలు తీసి భుజాన వేసుకుంది, క్లిప్పులు డబ్బాలో వేసింది, ఒక్క చినుకు కూడా పడలేదు. చేతినిండా బట్టలతో గుమ్మంలోకి వచ్చేసరికి బల్లమీద లాగిన్ పేజీ తెల్లగా ఎదురుచూస్తోంది.

ఆమె బట్టలతో సహా కుర్చీలో కూలబడింది. పొద్దున్నించీ కడుపులో దాచుకున్న కోపానికి కారణంగా చూపడానికి ఇద్దరు మనుషులు ఉన్నారు, కేక ఒకటుంది, తెల్ల వైరు ఒకటుంది. ఈసారి లేచినదానికి ఎవరున్నారు? ఎవరూ పిలవలేదు. ఎవరూ లెమ్మనలేదు. పిలుపు లేకుండానే కాళ్ళు వాటంతట అవి లేచాయి. ఇన్నేళ్ళలో ఇలా ఎన్నిసార్లు లేచిందో, ఎన్ని నీలి తెరలు తన వీపు వెనక వచ్చి వెళ్ళిపోయాయో ఆమెకి ఎప్పటికీ తెలియదు. ఇంట్లో అందరూ పడుకున్నా ఆమె లోపల ఒక అత్తగారు మెలకువగానే కూర్చుని ఉంది. దుఃఖం ముంచుకొచ్చింది. పాప యూనిఫామ్‌లో మొహం దాచుకుని ఎంతసేపు ఏడ్చిందో ఆమెకే తెలియలేదు.

నాలుగోసారి రెండు కాళ్ళూ కుర్చీ మీదకి ముడుచుకుని కూర్చుంది, నేలకి ఆనితే మళ్ళీ లేచిపోతాయేమోనని. నీలి తెర వచ్చింది. చిన్నగా, సాదాసీదాగా, పాత బ్యాంకు కౌంటర్లో కనిపించే తెరలా ఉంది. మీట నొక్కింది, పాస్‌వర్డ్ కొట్టింది. సిస్టమ్ తెరుచుకుంది. బొమ్మ తెరిచి చూస్తే ఆస్పత్రి హాలు నీళ్ళలా కదిలింది. పొట్టి బెంచీల మీదకి పొద్దుటి ఎండ దిగింది, బెంచీ కాళ్ళ నీడలు నేలమీద సాగాయి. అంత బాగా తను ఎప్పుడూ చేయలేదని ఆమెకే అనిపించింది. వీడియో తీయడానికి పెట్టి గడియారం చూసింది. నాలుగు దాటిపోయింది. ఇంకా గంటన్నర పడుతుంది.

ఆఫీసు గది తలుపు తెరుచుకుంది. భర్త ఒళ్ళు విరుచుకుంటూ వచ్చి ఆమె భుజం మీదుగా తొంగిచూశాడు.

“అబ్బో, బ్రహ్మాండంగా ఉందే! మొత్తానికి అయిందన్నమాట. ఇంతోటిదానికి పొద్దున్నించీ అంత హైరానా పడ్డావ్. ఇంక లే, టీ పెట్టు, తల పగిలిపోతోంది.”

అప్పుడే ఫోన్ మోగింది. సీనియర్.

“ఎండమ్మాయ్, నువ్వు పంపుతావేమోనని ఇందాకటిదాకా చూశాను. అవతలివాళ్ళు కూర్చుని ఉన్నారు. ఇంకో కుర్రాడు మధ్యాహ్నమే పంపాడు, అదే చూపించేశాను, వాళ్ళకి నచ్చింది. నాది తప్పనుకోకు. రేపటిదాకా టైమ్ కావాలని పొద్దున ఒక్క ఫోన్ చేసుంటే ఆగేదాన్ని కదా. ఏమైంది?”

రేపటిదాకా అడగొచ్చని ఆమెకి తట్టనేలేదు. తనకోసం సమయం అడగడం అన్నది ఎప్పుడు మరిచిపోయిందో కూడా గుర్తులేదు.

భర్త పక్కన నిలబడి సైగ చేశాడు. “లాప్‌టాప్ పాడైందని చెప్పేయ్,” అన్నాడు మెల్లగా, సాయం చేస్తున్నట్టే. ఆ మాట ఆమె నాలిక చివర సిద్ధంగానే ఉంది. ఇన్నేళ్ళూ ఇలాంటివే చెబుతూ వచ్చింది. పాపకి ఒంట్లో బాలేదు, అత్తయ్యని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి, కరెంటు పోయింది, నెట్ రావడంలేదు. అన్నీ నిజాలే. అన్నీ కలిపి చూస్తే ఒక్క అబద్ధం.

“లాప్‌టాప్ బాగానే ఉందక్కా,” అంది. “పది సెకన్లు కదలకుండా కూర్చుంటే అయిపోయే పని. నేను కూర్చోలేకపోయాను. ఆఖరిసారైతే ఎవరూ పిలవను కూడా లేదు. నేనే లేచిపోయాను.”

భర్త మొహం మాడిపోయింది. బయటివాళ్ళ ముందు ఇంటి పరువు తీస్తోందనుకున్నాడో, తన సాయం కాదందని రోషమొచ్చిందో గానీ, ఫోన్లోకి వినపడేంత గట్టిగానే అన్నాడు:

“ఎవరూ పిలవలేదంటావేమిటి? పొద్దున్నించీ పిలుస్తూనే ఉన్నాం కదా!”